ఇనుప రథముల టెక్కెములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



విరాటపర్వములోని ఉత్తర గోగ్రహణ ఘట్టమును ఎరుగనివారు ఈ సభలో ఉండరు. ఆలమందలను తరలించుకొని పోవుచున్న కౌరవసేన ఎదుట నిలిచియున్నది. ఉత్తరుడు సారథి, అర్జునుడు రథికుడు. అంత సేనలో ఎవరెవరో ఉత్తరునకు తెలియదు. అప్పుడు అర్జునుడు ఒక్కొక్క రథముపై నెగురుచున్న టెక్కెమును చూపి, దాని క్రిందనున్న వీరుని పేరు చెప్పును. బంగారు వేదిక ద్రోణుని గుర్తు. సింహపు తోక అశ్వత్థామది. బంగారు వృషభము కృపునిది. శంఖము కర్ణునిది. సర్పము దుర్యోధనునిది. తాటిచెట్టు భీష్మునిది. తిక్కన సోమయాజి ఈ ఆరు గుర్తులను ఒక్క సీసపద్యములో ఇమిడ్చెను. అక్షరము రానివారి నోట సైతము ఆడిన పద్యమది.

ఆ పద్యమునందు కవిత్వముతోపాటు ఒక విద్యయు కలదు. గుర్తును చూచి మనిషిని తెలిసికొను విద్య యది. యుద్ధరంగమున ఆ విద్య తప్పినచో తనవాని బాణము తనవానికే తగులును. ఆ విద్యయే ఇరువదవ శతాబ్దమున మరియొక రూపము దాల్చినది. 1939 మొదలు 1945 వరకు జరిగిన రెండవ ప్రపంచ యుద్ధములో బ్రిటిష్ సైన్యము తన ట్యాంకులపైనను కవచపు కార్లపైనను ఎట్టి గుర్తులు వ్రాసికొన్నది, ఆ గుర్తులనుబట్టి ఏ బండి ఏ దళమునకు చెందినదో కనుగొనుట ఎట్లు, కనుగొన్నందువలన ప్రయోజనమేమి అను మూడు విషయములు నేటి ప్రసంగములో క్రమముగా వివరింపబడును.

ముందుగా నాటి టెక్కెమునకును నేటి గుర్తునకును గల భేదమును గ్రహింపవలెను. భీష్ముని తాళధ్వజము శత్రువు చూడవలెననియే ఎత్తబడినది. ట్యాంకు సంగతి అట్లు కాదు. వేలకొలది ట్యాంకులు ఒకే అచ్చున పోసినట్లు కర్మాగారములనుండి వెలువడినవి. రంగొక్కటే, రూపమొక్కటే, లోపలి మనుష్యులు బయటికి కానరారు. దారి చూపు సైనిక పోలీసునకును, పెట్రోలు తెచ్చు లారీవానికిని, మరమ్మతు చేయు పనివానికిని ఆ బండి ఎవరిదో తెలియవలెను. శత్రువునకు మాత్రము తెలియరాదు. ఏలయన, ఏ డివిజను ఎక్కడ చేరినదో తెలిసినచో దాడి ఎక్కడనుండి రాగలదో ఎదుటివాడు ఊహింపగలడు. కావున దళముల పేర్లు వ్రాయుట మాని, బొమ్మలు, అంకెలు, రంగులు కలిపి ఒక గూఢలిపిని కల్పించిరి. యుద్ధకాలపు పత్రికలలో అచ్చుపడిన ఛాయాచిత్రములందు సెన్సారు అధికారులు ఈ గుర్తులను చెరిపివేయుచుండిరి. పాత చిత్రములో ట్యాంకు మడ్‌గార్డు మీద మసకగా అలికినట్లున్న చోటు కనబడినచో, అది కాలము చేసిన పని కాక, సెన్సారు చేయి చేసిన పని కావచ్చును.

ఈ గూఢలిపిని చదువుటకు సైన్యపు అంతరములు తెలిసియుండవలెను. ఒక పొలమును గూర్చి చెప్పునపుడు జిల్లా, మండలము, గ్రామము, సర్వే నంబరు అని వరుసగా చెప్పుదుము. సైన్యములో డివిజను, దానిలో బ్రిగేడు, బ్రిగేడులో రెజిమెంటు, రెజిమెంటులో స్క్వాడ్రను, స్క్వాడ్రనులో ఒక ట్యాంకు అని వరుస. ఒక్కొక్క అంతరమునకు ఒక్కొక్క విధమైన గుర్తు ఏర్పడినది.

మొదటిది డివిజను బొమ్మ. అన్నిటికంటె మనోహరమైనదియు ఇదియే. 7వ కవచ డివిజనుకు ఎడారి ఎలుక గుర్తు. ఈజిప్టు ఇసుకలో బొరియలు చేసికొని, పొడవైన వెనుకకాళ్లతో గంతులు వేయుచు తిరుగు చిన్న ప్రాణి యది. ఆ ఎడారిలోనే పోరాడిన దళమునకు అంతకంటె తగిన గుర్తు దొరకదు. 1వ డివిజనుకు ఖడ్గమృగము, 6వ దానికి ఇనుపతొడుగు తొడిగిన పిడికిలి, 9వ దానికి పాండా అను జంతువు తల, 11వ దానికి పసుపుపచ్చని నేలపై కుమ్మవచ్చుచున్న నల్లని ఎద్దు. 79వ దానికి తలక్రిందులైన పసుపు త్రికోణములో ఎద్దు తల. గార్డ్స్ కవచ డివిజనుకు నీలి డాలుపై తెరచిన కన్ను. ఈ కన్ను మొదటి ప్రపంచ యుద్ధములోనే గార్డ్స్ డివిజనుకు గుర్తు. తరువాతి తరము దానిని మరల తీసికొన్నది.

ఎద్దు రెండుమార్లు వచ్చుటకు కారణము కలదు. 11వ, 79వ డివిజనులను రెంటిని తీర్చిదిద్దినవాడు పెర్సీ హోబార్టు అను సేనాని. ఈయన 1885లో మన దేశమున నైనీతాలులో జన్మించెను. ఈజిప్టులో 1938లో ఏర్పడి, తరువాత 7వ కవచ డివిజనుగా మారిన దళమునకు తొలి శిక్షణ నిచ్చినవాడును ఈయనయే. 1940లో పై అధికారులు ఈయనను బలవంతముగ విశ్రాంతికి పంపగా, తన గ్రామపు హోంగార్డులలో చిన్న నాయకుడుగా చేరి కావలి కాచెను. పిమ్మట ప్రధానమంత్రి చర్చిలు పట్టుబట్టి తిరిగి పిలిపించెను. ఈ విధముగా మూడు ప్రసిద్ధ డివిజనుల బొమ్మల వెనుక ఒక్క మనిషి శ్రమ దాగియున్నది.

బొమ్మను చూచునపుడు ఆకారముతోపాటు రంగును గమనింపవలెను. ఎర్రని ఎడారి ఎలుక 7వ డివిజనుది. అదే ఎలుక నల్లగా నున్నచో 4వ కవచ బ్రిగేడుది. ఆ బ్రిగేడు మొదట 7వ డివిజనులో భాగముగా నుండి, తరువాత వేరుపడి స్వతంత్రముగా పోరాడినది. అన్నదమ్ములు వేరుపడినపుడు ఇంటిపేరు విడువనట్లు ఎలుకను విడువక రంగు మాత్రము మార్చుకొన్నది. కాలమునుబట్టియు బొమ్మ మారును. 7వ డివిజను 1944లో ఐరోపాకు పోవునపుడు చిత్రించుకొన్న క్రొత్త ఎలుకను చూచి, ఇది ఎలుక కాదు కంగారు అని సైనికులే నవ్వుకొనిరి. అట్టి కంగారువంటి ఎలుక చిత్రములో నున్నచో అది ఆఫ్రికా ఎడారి చిత్రము కాదని రూఢిగా చెప్పవచ్చును.

రెండవది రంగు చదరముపైనున్న అంకె. రంగు సేనాంగమును తెలుపును, అంకె ఆ డివిజనులో దళముయొక్క స్థానమును తెలుపును. ఫిరంగిదళమునకు పైన ఎరుపు, క్రింద నీలము. వార్తాదళమునకు పైన తెలుపు, క్రింద నీలము. ఇంజనీర్లకు నీలము. యుద్ధపు చివరి సంవత్సరములలో కవచ డివిజనులోని ట్యాంకు బ్రిగేడుకు ఎర్రని చదరము ఉండెను. దానిపై 50 అని యున్నచో బ్రిగేడు కార్యాలయము. 51, 52, 53 అనునవి వరుసగా మూడు ట్యాంకు రెజిమెంట్లు. సామాన్యముగా డివిజను బొమ్మను బండి ముందుభాగమున ఒక మడ్‌గార్డు మీదను, అంకె చదరమును రెండవ మడ్‌గార్డు మీదను వ్రాయుచుండిరి. వెనుకభాగమునను అట్లే.

ఇచ్చట ఒక ఉదాహరణము చూడుడు. ఒక చిత్రములో ట్యాంకు ముందుభాగమున ఒకవైపు డాలుపై కన్ను, రెండవవైపు ఎర్రని చదరముపై 53 ఉన్నవనుకొనుడు. కన్నునుబట్టి గార్డ్స్ కవచ డివిజను. ఎరుపునుబట్టి అందలి 5వ గార్డ్స్ కవచ బ్రిగేడు. 53నుబట్టి ఆ బ్రిగేడులో మూడవ రెజిమెంటు, అనగా ఐరిష్ గార్డ్స్ 2వ బెటాలియను. 1944 సెప్టెంబరు 17వ తేదీన బెల్జియము సరిహద్దునుండి హాలండులోనికి సాగిన దండులో ముందు నడచినది ఈ దళమే. సరిహద్దు దాటిన కొద్ది నిమిషములలోనే దాని తొమ్మిది ట్యాంకులు శత్రువు ఫిరంగులకు కూలినవి. ఒక బొమ్మ, ఒక రంగు, ఒక అంకె కలిసినంతనే ఇంత చరిత్ర తెలియవచ్చినది.

కాని 53 అను అంకెను మాత్రమే చూచి ఐరిష్ గార్డ్స్ అని నిర్ణయించినచో పొరపాటగును. నల్లని ఎద్దు ప్రక్కన 53 ఉన్నచో అది మరియొక రెజిమెంటు. సర్వే నంబరు 53 ప్రతి గ్రామములోను ఉండును. గ్రామము పేరు చెప్పక నంబరు చెప్పిన పొలము దొరకదు. ఇదికాక యుద్ధము నడుమ ఈ అంకెల పద్ధతియే మారినది. 1940 నాటి చిత్రమును 1944 నాటి పట్టికతో చదువుట తగదు. కావున బొమ్మ, అంకె, కాలము మూడును కుదిరిననాడే నిర్ణయము చేయవలెను.

మూడవది స్క్వాడ్రను గుర్తు. దీనిని ట్యాంకు పైభాగమున ఫిరంగితో కూడ తిరుగు బురుజుపై గీయుచుండిరి. ఏ స్క్వాడ్రనుకు త్రికోణము, బి స్క్వాడ్రనుకు చతురస్రము, సి స్క్వాడ్రనుకు వృత్తము, రెజిమెంటు ప్రధాన కార్యాలయమునకు మొనపై నిలిచిన చతురస్రము, అనగా డైమను ఆకారము. బ్రిగేడులో పెద్ద రెజిమెంటు వీనిని ఎరుపుతోను, రెండవది పసుపుతోను, మూడవది నీలముతోను గీయవలెనని నియమము. దుమ్ములో, పొగలో, నూరు గజముల దూరమున అక్షరము చదువుట కష్టము. త్రికోణమును వృత్తమును వేరుపరచుట సులభము. చదువవలసినవాడు తొందరలో నుండునని ఎరిగి ఏర్పరచిన లిపి యిది.

నాలుగవది ట్యాంకు పేరు. తమ ట్యాంకునకు సైనికులు పేరు పెట్టుకొనుచుండిరి. రాయల్ ట్యాంకు రెజిమెంటులో ఇందుకు ఒక ఆచారము కలదు. మొదటి ప్రపంచ యుద్ధములో ట్యాంకు బెటాలియనులకు అంకెలు లేక ఏ, బి, సి, డి అను అక్షరములు ఉండెను. తరువాత అంకెలు వచ్చినను అక్షరము విడువలేదు. 4వ రెజిమెంటు ట్యాంకుల పేర్లు ఇంగ్లీషున నాలుగవ అక్షరమైన డి తోను, 7వ దాని పేర్లు జి తోను ప్రారంభమగును. వంశములో తాతపేరు మనుమనికి పెట్టినట్టిదే ఇదియు.

4వ రెజిమెంటుకు ఇంకొక విశేషము కలదు. మొదటి యుద్ధకాలమున మలయాలోని చైనా వర్తకుడు యూ టాంగ్ సెన్ ఒక ట్యాంకునకు ధనమిచ్చెను. చైనావారు ఓడ ముక్కున కన్నులు చిత్రింతురు. కన్నులు లేని ఓడకు దారి తెలియదని వారి నమ్మకము. అట్లే ఆ ట్యాంకునకును రెండువైపుల కన్నులు చిత్రింపబడెను. ఆ కన్నులను 4వ రెజిమెంటు తన ట్యాంకుల బురుజులపై నిలుపుకొన్నది. డాలుపై ఒంటి కన్ను గార్డ్స్ డివిజనుది. బురుజుకు ఇరువైపుల కన్నులు 4వ ట్యాంకు రెజిమెంటువి. రెంటిని కలిపివేయరాదు.

ఇక దళమును తెలుపని గుర్తులను గూర్చి చెప్పవలెను. క్రొత్తగా చూచువారిని ఇవియే ఎక్కువగా తప్పుదారి పట్టించును. బండి ప్రక్కన తెల్లని అక్షరములలో టి అను అక్షరము, దాని వెంట పెద్ద సంఖ్య ఉండును. అది సైన్యపు లెక్కపుస్తకములో ఆ బండికి వేసిన నంబరు. టి అనగా ట్యాంకు. కవచపు కారుకు ఎఫ్, మోటారు సైకిలుకు సి. ట్యాంకు ఒక రెజిమెంటునుండి వేరొక రెజిమెంటుకు మారినను ఈ నంబరు మారదు. పొలము చేతులు మారినపుడు పట్టాదారు మారును గాని సర్వే నంబరు మారదు గదా! ముందుభాగమున పసుపు బిళ్లలో నల్లని అంకె యున్నచో అది వంతెన అంకె. ఆ బండి బరువు తరగతి యెంతో, ఏ వంతెన దానిని మోయగలదో తెలుపుటకు మాత్రమే అది. చర్చిలు ట్యాంకుపై 40 అని యున్నచో నలుబదవ రెజిమెంటు అని అర్థము కాదు.

తెల్లని అయిదు మొనల నక్షత్రమును చూచి అది అమెరికా ట్యాంకని తలచువారు పెక్కుమంది. 1944లో నార్మండీ తీరమున దిగిన మిత్రసేనలన్నియు ఆ నక్షత్రమును ధరించినవి. బ్రిటిష్ బండ్లపైనను అది యుండెను. పైనుండి చూచు తమ విమానములు తమపై బాంబులు వేయకుండుటకై వ్రాసిన గుర్తది. తెలుపు ఎరుపు పట్టీలును అట్టివే. 1918లో జర్మనులు పట్టుకొన్న బ్రిటిష్ ట్యాంకులనే తిరిగి బ్రిటిష్‌వారిపైకి నడుపుచుండుటచే ఆ పట్టీలు పుట్టినవి. రెండవ యుద్ధమున ఎడారిలో ఇరుపక్షములు ఒకరి బండ్లు ఒకరు పట్టుకొని వాడుకొనుచుండగా, 1941 చివర అట్టి పట్టీలు మరల వచ్చినవి. రూపమునుబట్టి శత్రువును గుర్తింపలేని కాలము వచ్చినందున, గుర్తుపైననే ప్రాణములు ఆధారపడినవి.

ఈ కథలో మన దేశమునకును భాగము కలదు. ఆ యుద్ధమున భారతసైన్యములో ఇరువదియైదు లక్షలమంది పనిచేసిరి. తెలుగు జిల్లాలనుండి పోయినవారును వారిలో కలరు. 4వ ఇండియన్ డివిజను గుర్తు ఎర్రని గరుడపక్షి. 1940 డిసెంబరు 9వ తేదీన ఈజిప్టులో నిబేవా అను ఇటలీ శిబిరముపై ఈ డివిజను దాడిచేసినపుడు, దానికి ముందు నడచినవి 7వ రాయల్ ట్యాంకు రెజిమెంటువారి మటిల్డా ట్యాంకులు. జి అక్షరపు పేర్లుగల ట్యాంకులివి. ఆ కాలపు చిత్రములో గరుడపక్షి గుర్తుగల లారీయు, జి తో మొదలగు పేరుగల ట్యాంకును ఒకచోట కనబడినచో ఆశ్చర్యపడ నవసరము లేదు. డివిజను వేరు, దానికి తోడు వచ్చిన ట్యాంకుదళము వేరు.

బర్మా రంగమున 1945లో మెయ్‌క్తిలా పట్టణముకొరకు జరిగిన పోరున నల్లపిల్లి గుర్తుగల 17వ ఇండియన్ డివిజనుతో 255వ ఇండియన్ ట్యాంకు బ్రిగేడు షెర్మన్ ట్యాంకులు నడపినది. ఆ బ్రిగేడులో డెక్కన్ హార్సు అను రెజిమెంటు కలదు. నిజాం రాజ్యమునందలి హైదరాబాదు కంటింజెంటు అశ్వదళములు దానికి మూలము. ఆ దళములనుండి వచ్చిన రెండు రెజిమెంట్లను 1921లో కలుపగా అది యేర్పడెను. దక్కను నేలపై గుర్రములు దౌడు తీసిన దళము బర్మాలో ఉక్కు రథములెక్కినది. గుర్రము పోయినను పేరులో హార్సు నిలిచినది. పేరును ఒక విధమైన టెక్కెమే గదా!

ఇంత శ్రమపడి ఈ గుర్తులు చదువుటవలన ప్రయోజనమేమని అడుగవచ్చును. దీనికి ఒక్క దృష్టాంతము చాలును. 1917 నవంబరు 20వ తేదీన ఫ్రాన్సులో కాంబ్రే వద్ద బ్రిటిష్‌వారు నాలుగువందలకు పైగా ట్యాంకులతో దాడిచేసిరి. డి బెటాలియనుకు చెందిన డి 51 అను ట్యాంకునకు డెబోరా అని పేరు. అది ఫ్లెస్కియేర్ గ్రామములో ఫిరంగి దెబ్బలకు కూలినది. లోపలి ఎనిమిదిమందిలో అయిదుగురు మరణించిరి. తరువాత ఆ ట్యాంకు భూమిలో పూడ్చబడి మరుగైపోయినది. ఎనుబది యేండ్లు గడచిన పిమ్మట, ఒక గ్రామవృద్ధురాలు తన బాల్యమున చూచిన సంగతి చెప్పగా, ఆ ప్రాంతపువాడొకడు ఏండ్ల తరబడి వెదకి 1998లో దానిని బయల్పరచెను. మంటి క్రిందినుండి వచ్చిన ఆ ఇనుపముద్దకు పేరు చెప్పుటకు పాత రికార్డులతోను ఛాయాచిత్రములతోను పోల్చి చూడవలసి వచ్చినది. డి 51 అని తేలినంతనే ఆ అయిదుగురి పేర్లును తెలిసినవి. వారి సమాధులు ఆ ఊరి సమీపముననే సైనిక శ్మశానమున ఉన్నవి. 2017లో ఆ ట్యాంకును ఆ సమాధులకు చేరువ మ్యూజియములో నిలిపిరి. నూరేండ్లు ఎడబాసిన రథము రథికులను చేరినది.

ఇందులోని సారము గ్రహింపుడు. ఇనుముపై వేసిన రంగు నిలువలేదు. ఎవరో గుమాస్తా కాగితముపై వ్రాసిన వ్రాత నిలిచినది. గుర్తునకు అర్థము గుర్తులో లేదు, దానిని నమోదు చేసిన పుస్తకములో ఉన్నది. పుస్తకము నశించిన గుర్తు మూగది. ఉత్తరునికి అర్జునుడు చెప్పకున్నచో తాటిచెట్టు తాటిచెట్టే యగును గాని భీష్ముడు కాదు.

కావున ఈ సభకు ఒక విన్నపము. ఈ ప్రాంతపు ఇండ్ల గోడలపైనను, ట్రంకుపెట్టెలలోను ఆ కాలపు సైనికుల ఛాయాచిత్రములు ఇంకను ఉండవచ్చును. తాతగారో ముత్తాతగారో ఒక లారీ ప్రక్కన, ఒక కవచపు కారు ప్రక్కన నిలిచియుందురు. చట్రమునకు సరిపడలేదని ఆ చిత్రమును అంచులు కత్తిరింపకుడు. మడ్‌గార్డు మీది గుర్తు ఆ అంచుననే ఉండవచ్చును. తడిగుడ్డతో తుడువకుడు. ఇంటిలోని పెద్దలను అడిగి, అందున్నవారి పేర్లు, ఊరు, సంవత్సరము ఒక కాగితముపై వ్రాసి చిత్రముతోపాటు భద్రపరచుడు. సైనికుని భుజముపైనున్న గుడ్డగుర్తును, బండిపైనున్న బొమ్మను, అంకెను, రంగు తెలిసినచో రంగును అందు చేర్చుడు. అట్టి చిత్రములకు నకళ్లు తీయించి, ఈ గ్రంథాలయమున ఒక దస్త్రము తెరచి ఉంచుట ఈ రజతోత్సవమునకు తగిన కార్యము. నేడు అర్థము తెలియని గుర్తును రేపు చదువగలవాడు ఈ ఊరిలోనే పుట్టవచ్చును. వానికొరకు గుర్తును చెడకుండ అప్పగించుట ఈ తరమువారి విధి.

ఇరువదియైదేండ్లుగా ఊరివారి చేతికి పుస్తకమందించిన ఈ గ్రంథాలయము, ఊరివారి జ్ఞాపకములను కూడ పుస్తకమునకు అందించి శతవత్సరములు వర్ధిల్లుగాక!

స్వస్తి.